భూమిది ఏ ఊరు?

ఇద్దరు తెలుగువాళ్లు రైల్లో ఎదురెదురుగా కూర్చుంటే పేర్లు తెలియకముందే ఊళ్లు తెలిసిపోతాయి. "మీదే ఊరండీ?" అన్నది మన మొదటి ప్రశ్న. ఊరు చెప్పగానే "అక్కడ ఏ వైపు?" అన్నది రెండోది. హైదరాబాదు అంటే సరిపోదు, ఏ పేటో ఏ నగరో చెప్పాలి. జూబ్లీహిల్స్ అంటే ఎదుటివాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటారు. ఔటర్ రింగు రోడ్డు అవతల అంటే "అక్కడ గాలి బాగుంటుంది లెండి" అని ఓదారుస్తారు. మనిషి ఏం చదివాడు, ఏం చేశాడు, ఎలాంటివాడు అన్నవి ఆ తర్వాతి సంగతులు. ముందు అడ్రసు తేలాలి.

భూమిని కూడా మనుషులు రెండు వేల ఏళ్లకు పైగా ఇదే ప్రశ్న అడుగుతూ వచ్చారు. జవాబు మారిన ప్రతిసారీ దాని పరువు ఒక మెట్టు దిగినట్టు కథ చెప్పుకున్నారు. ఆ కథ బడిలోనే మనకు పరిచయం. ఒకప్పుడు భూమి విశ్వానికి నడిబొడ్డు అనుకున్నాం. కోపర్నికస్ వచ్చి కాదన్నాడు. తర్వాత సూర్యుడు కూడా నడిబొడ్డున లేడని తేలింది. ఆ తర్వాత మన పాలపుంతే కోట్లలో ఒకటని తెలిసింది. చివరికి మనం ఎక్కడో ఓ మూల, ఓ నలుసు మీద బతికేవాళ్లమయ్యాం. కథ బాగుంది, చివర నీతి కూడా ఉంది. వినేకొద్దీ నాకు మాత్రం అనుమానం పెరుగుతూ వచ్చింది. నడిబొడ్డున ఉండటం అప్పట్లో నిజంగా గౌరవమేనా? అక్కడి నుంచి జరగడం నిజంగా అవమానమేనా?

అరిస్టాటిల్ లెక్క ప్రకారం బరువైనదంతా కిందికి పోతుంది. విశ్వానికి కింద అంటే దాని నడుమ. మట్టి అన్నిటికన్నా బరువు కాబట్టి అక్కడికి చేరి గడ్డకట్టింది, అదే భూమి. అంటే ఆ నడిబొడ్డు సింహాసనం కాదు, మడ్డి దిగే అడుగు. చంద్రుడికి ఇవతల ఉన్నదంతా పుట్టేది, కుళ్లేది, చచ్చేది. అవతల ఉన్నదంతా మచ్చలేనిది, మార్పు లేనిది. 14వ శతాబ్దం మొదట్లో ఇటలీ కవి దాంతే తన కావ్యంలో నరకాన్ని భూగర్భంలో పెట్టాడు. సైతానును సరిగ్గా భూకేంద్రంలో, అంటే ఆనాటి విశ్వానికి నట్టనడుమ, మంచులో పాతేశాడు. దేవుడి చోటు అన్ని గోళాలకూ అవతల. అలాంటి విశ్వంలో మధ్య ఇల్లు దొరికిందంటే ఎవరూ గృహప్రవేశానికి పిలవరు.

గెలీలియోకు ఈ సంగతి బాగా తెలుసు. విదియ నాడో తదియ నాడో చంద్రరేఖ పక్కన మిగతా చంద్రబింబం మసగ్గా కనిపిస్తుంది కదా. అది భూమి నుంచి వెళ్లిన వెలుగేనని ఆయన 1610లో అచ్చువేసిన పుస్తకంలో వివరించాడు. భూమి విశ్వంలోని చెత్తాచెదారం చేరే గుంట కాదనీ, మిగతా గ్రహాల్లాగే తిరుగుతూ వెలుగు పంచేదనీ వాదించాడు. ఆయన దృష్టిలో కోపర్నికస్ భూమిని గద్దె దించలేదు. అడుగు నుంచి లేపి ఆకాశంలో, శుక్రుడికీ అంగారకుడికీ మధ్య కూర్చోబెట్టాడు. దీన్ని పతనంగా చెప్పుకోవడం తర్వాతి కాలం వాళ్లు నేర్చుకున్న అలవాటు.

మన సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఏ వ్రతానికైనా పీట మీద కూర్చోగానే పంతులుగారు మన చేత సంకల్పం చెప్పిస్తారు. అది అచ్చంగా అడ్రసే. జంబూద్వీపంతో మొదలై, భరతఖండం మీదుగా, మేరువుకు దక్షిణ దిక్కున, శ్రీశైలానికి ఫలానా మూల, కృష్ణా గోదావరుల నడుమ అంటూ మన ఇంటి గడప దాకా వస్తుంది. ఆ భూగోళశాస్త్రం ఒప్పా తప్పా అన్నది పక్కన పెడదాం. నన్ను ఆకట్టుకునేది వేరే. జంబూద్వీపానికి నట్టనడుమ ఉన్నది మేరువు. మనం కాదు. మేం మధ్యలో లేం, దక్షిణాన ఓ పక్కన ఉన్నాం అని మనవాళ్లు పెళ్లికీ పేరంటానికీ తరతరాలుగా గట్టిగా చెప్పుకుంటూనే ఉన్నారు. దానివల్ల ఎవరికైనా చిన్నతనం కలిగినట్టు ఎక్కడా వినలేదు. పులిహోరకూ లోటు రాలేదు. కాబట్టి కేంద్రం పోతే మనసు చివుక్కుమంటుందన్నది మనిషి స్వభావం కాదు, ఎవరో నేర్పిన పాఠం.

పురాణాల మేరువు అలా ఉండగానే మన జ్యోతిష సిద్ధాంతులు భూమిని గోళంగా లెక్కగట్టారు. 499లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఆర్యభటుడు భూమి ఏ ఆధారమూ లేకుండా ఆకాశం నడుమ నిలిచిన గోళమన్నాడు. అది తన చుట్టూ తాను తిరుగుతుందని కూడా అన్నాడు. పడవలో ముందుకు పోయేవాడికి గట్టు వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే, మనకు చుక్కలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయన్నది ఆయన చూపిన పోలిక. భూమి తిరిగేట్టయితే ఎగిరిన పక్షులు గూళ్లకు ఎలా చేరతాయని వరాహమిహిరుడు నిలదీశాడు. తర్వాత బ్రహ్మగుప్తుడూ ఒప్పుకోలేదు. ఆర్యభటుడికి వ్యాఖ్యానం రాసినవాళ్లే ఆ మాటను మెల్లగా ఇంకో అర్థంలోకి తిప్పేశారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆర్యభటుడు భూమిని నడిమధ్య నుంచి కదల్చలేదు, దానికి కదలిక ఇచ్చాడంతే. మనవాళ్ల తగాదా వచ్చింది అది ఎక్కడుంది అన్నదాని మీద కాదు, ఏం చేస్తోంది అన్నదాని మీద. నాకు ఆ తగాదాయే ఎక్కువ ఆసక్తికరంగా కనిపిస్తుంది.

పై అడ్రసు మార్పుల జాబితాను త్వరగా ముగించవచ్చు. 1543లో కోపర్నికస్ పుస్తకం వచ్చింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రాలు ఏడాదిలో కొద్దిగా అటూ ఇటూ జరిగినట్టు కనిపించాలి. ఆ జరుగుడును నమ్మకంగా కొలవడానికి మూడు శతాబ్దాలు పట్టింది. 1838లో బెసెల్ హంసరాశిలోని ఒక మామూలు చుక్కతో ఆ పని సాధించాడు. 1918లో షాప్లీ గోళాకార నక్షత్ర గుచ్ఛాలను లెక్కవేసి, సూర్యుడు పాలపుంత మధ్యలో లేడని తేల్చాడు. ఇప్పటి లెక్కలో ఆ మధ్యకు మనం దాదాపు 26,000 కాంతి సంవత్సరాల ఎడంలో ఉన్నాం. 1923లో హబుల్ ఆండ్రోమెడాలో ఒక చరతారను పట్టుకుని, అది మన పాలపుంతలోది కాదు, వేరే లోకమని రుజువు చేశాడు. ఈ పెద్ద పనిలో మన హైదరాబాదుకూ చిన్న వాటా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల, దేశదేశాల వేధశాలలు కలిసి ఆకాశాన్ని పంచుకుని పటం గీసిన పథకంలో చేరింది. తన వాటాకు వచ్చిన పట్టీలో నక్షత్రాల స్థానాలను లక్షల్లో నమోదు చేసింది.

హబుల్ తర్వాత కథ అసలు మలుపు తిరిగింది. విశ్వం వ్యాకోచిస్తోందనీ, ఏ గెలాక్సీ నుంచి చూసినా మిగతావన్నీ తన నుంచే దూరం పోతున్నట్టు కనిపిస్తాయనీ తెలిసింది. అంటే నడిబొడ్డు మన చేతి నుంచి ఇంకొకరి చేతికి పోలేదు. అసలు నడిబొడ్డు అన్నదే లేకుండా పోయింది. కేంద్రమే లేని ఊళ్లో శివారు ఎక్కడ ఉంటుంది? అడ్రసును బట్టి పరువు కట్టే పద్ధతికి అక్కడితో తెరపడాలి. పడలేదు. "ఇంత విశ్వంలో మనమెంత" అన్న పాట మాత్రం ఆగకుండా సాగుతూనే ఉంది.

పైవాళ్లు ఇలా చుక్కల మధ్య మన చోటు వెతుకుతుండగా, ఇంకో గుంపు తలవంచుకుని కిందికి చూస్తోంది. వాళ్ల కథను మనం పిల్లలకు అంత ఉత్సాహంగా చెప్పం. తోకచుక్కతో పేరు ముడిపడిన హాలీ అంతటివాడు 1692లో భూమి లోపల బోలుగా ఉందనీ, గోళంలో గోళాలు ఇమిడి ఉన్నాయనీ రాశాడు. తప్పుబట్టడానికి ఎవరి దగ్గరా గట్టి ఆధారం లేదు. 1798లో కావెండిష్ ఒక గదిలో సీసపు గుండ్ల ఆకర్షణను కొలిచి, భూమి సగటున నీటికన్నా దాదాపు అయిదున్నర రెట్లు బరువని తేల్చాడు. మన కాళ్లకింది నల్లసానపు రాయి నీటికి మూడు రెట్లు కూడా తూగదు. అంటే లోపల ఎక్కడో చాలా బరువైనది ఉండి తీరాలి. బోలు భూమి కథ అక్కడ పగిలిపోయింది.

తర్వాతి ఆధారం మన దేశం నుంచే వెళ్లింది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే ఉత్తరాదికి చేరాక ఒక చిక్కు వచ్చింది. కలియానా, కల్యాణ్‌పూర్ అనే రెండు చోట్ల మధ్య దూరాన్ని గొలుసులతో, త్రిభుజాలతో కొలిస్తే ఒక లెక్క, నక్షత్రాలను చూసి కొలిస్తే ఇంకో లెక్క. తేడా అయిదు సెకన్ల కోణం. నిలువు చూపాల్సిన తూకపు గుండును హిమాలయాల బరువు పక్కకు లాగుతోందనుకున్నారు. ప్రాట్ అనే గణితజ్ఞుడు కూర్చుని ఆ కొండల బరువు లెక్కవేస్తే తేడా దాదాపు పదహారు సెకన్లు రావాలి. అంత పెద్ద కొండలు ఉండాల్సినంతగా లాగడం లేదు! 1855లో ఖగోళ శాస్త్రవేత్త ఎయిరీ దీనికి ఒక వివరణ ఇచ్చాడు. కొండ కింద దాని వేరు లోతుగా దిగి ఉంటుంది, ఆ వేరు చుట్టూ ఉన్న పదార్థం కన్నా తేలిక, కాబట్టి పైన ఎక్కువైన బరువు కింద సరిపోతుంది. అలా ఒక దారపు గుండు మొరాయించినందుకు, కొండలు నేలమీద పెట్టిన బరువులు కావనీ లోపలికి దిగి తేలుతున్నాయనీ తెలిసింది.

నేరుగా తవ్వి చూడవచ్చు కదా అంటారా? చూశారు. సోవియట్ శాస్త్రజ్ఞులు 1970లో కోలా ద్వీపకల్పంలో బోరు మొదలుపెట్టారు. జానెడు వెడల్పు బొక్క. 1989 నాటికి 12,262 మీటర్లు దిగారు. అక్కడ వేడి అనుకున్నదానికన్నా చాలా ఎక్కువగా, 180 డిగ్రీలుంది. రాయి మెత్తబడి బొక్కను పూడ్చేయడం మొదలైంది. అక్కడితో ఆగారు. భూకేంద్రం 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. మనం దిగింది అందులో అయిదు వందల్లో ఒక వంతు. 1977లో బయల్దేరిన వోయేజర్ 1 ఇప్పటికి 2,400 కోట్ల కిలోమీటర్లు దాటిపోయింది. బయటికి అంత, లోపలికి పన్నెండు. పొరుగూళ్ల విశేషాలన్నీ తెలిసి, తన ఇంటి నేలమాళిగ తలుపు మాత్రం తెరవలేని మనిషి పరిస్థితి మనది.

తలుపు తెరుచుకోకపోయినా లోపలి చప్పుడు వినిపించింది. వినడం మొదలుపెట్టినవాళ్లలో ముందు చెప్పాల్సినవాడు రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేశాడు, తండ్రి థామస్ ఆ సంస్థకు తొలి అధిపతి. 1897 జూన్ 12న అస్సాంను పెద్ద భూకంపం కుదిపేసింది. ఓల్డ్‌హామ్ ఆ విధ్వంసాన్ని పరిశీలించి, ఎక్కడో యూరప్‌లో యంత్రాలు గీసిన వంకర గీతలను ముందు పెట్టుకుని, భూకంపం ఒకే అల కాదని గుర్తించాడు. ముందుగా చేరేవి కొన్ని, రాయిని ముందుకూ వెనక్కూ నొక్కుతూ వస్తాయి. వెనక వచ్చేవి కొన్ని, పక్కలకు కదుపుతూ వస్తాయి. అవి వచ్చాక వేరే అలలు నేల పైపైన పాకుతూ వస్తాయి. 1906లో ఆయన ఇంకో అడుగు వేశాడు. భూమికి అవతలి వైపు చేరాల్సిన అలలు ఆలస్యంగా చేరుతున్నాయంటే, మధ్యలో వాటిని నెమ్మదింపజేసే వేరే పదార్థం ఉందన్నాడు. భూమికి గర్భం ఉందని తొలి రుజువు అది. ఒక దేశం గోడలు కూలిన దుఃఖం మోసుకొచ్చిన గీతల్లో భూమి గుండె దొరికింది.

1909లో క్రొయేషియాలో మొహొరోవిచిచ్ పైపొరకూ దాని కింది పొరకూ మధ్య సరిహద్దు కనిపెట్టాడు. గూటెన్‌బర్గ్ గర్భం దాదాపు 2,900 కిలోమీటర్ల లోతున మొదలవుతుందని లెక్కగట్టాడు. పక్కలకు కదిపే అలలు ద్రవంలో పోలేవు, అవి గర్భాన్ని దాటడం లేదు కాబట్టి అది కరిగిన లోహమై ఉండాలని 1926లో జెఫ్రీస్ చెప్పాడు. అంతా తేలిపోయిందనుకున్నారు.

డెన్మార్క్‌లో ఇంగే లేమాన్ అనుకోలేదు. 1929లో న్యూజిలాండ్‌లో వచ్చిన భూకంపం తాలూకు అలలు, ద్రవగర్భం వల్ల నీడ పడాల్సిన చోట, బలహీనంగానైనా కనిపిస్తున్నాయి. రాకూడని చోటికి వచ్చిన ఆ గీతలను యంత్రం లోపమని ఆమె కొట్టిపారేయలేదు. కంప్యూటర్లు లేని కాలం. భూకంపాల వివరాలు అట్టముక్కల మీద రాసుకుని, ఓట్స్ డబ్బాల్లో సర్దుకుని, ఇంటి తోటలో బల్ల వేసుకుని లెక్కలు చేసేది. ద్రవగర్భం లోపల ఇంకో గట్టి గర్భం ఉంటేనే ఆ అలలు అలా వంగి తిరిగి వస్తాయని 1936లో ప్రకటించింది. ఆ వ్యాసం శీర్షిక ఒకే ఒక్క అక్షరం, పి, దాని నెత్తిన ఓ చిన్న గీత. ఆ లోగర్భం వ్యాసార్ధం సుమారు 1,220 కిలోమీటర్లని ఇప్పుడు తెలుసు. వేడి సూర్యుడి ఉపరితలంతో పోటీపడుతుంది. అయినా మీద పడే ఒత్తిడికి ఇనుము కరగలేక గడ్డకట్టి ఉంది. లేమాన్ 104 ఏళ్లు బతికి 1993లో కన్నుమూసింది. కోపర్నికస్ పేరు తెలియని చదువుకున్నవాడు ఉండడు. ఆమె పేరు తెలిసినవాళ్లు నా పరిచయస్తుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. భూమికి బయటి కేంద్రం తీసేసినవాడికి అంత పేరు, దాని సొంత కేంద్రం చూపించినామెకు ఇంత.

ఆ మధ్య ఫ్లాటు కొందామని హైదరాబాదు పడమటి దిక్కున తిరిగాను. బ్రోకరు "లొకేషన్ చూడండి సార్, లొకేషన్!" అన్నమాట ఊతపదంలా వాడుతున్నాడు. ఎయిర్‌పోర్టుకు ఇన్ని నిమిషాలు, ఆఫీసులకు అన్ని నిమిషాలు. ఆయన వెనకాల యంత్రాలు ఒక బండరాళ్ల గుట్టను పిండి చేస్తున్నాయి. ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, భూమి వయసులో సగానికి పైగా. భూమి లోతుల్లో కరిగిన శిల నెమ్మదిగా చల్లారి గట్టిపడి, మీది పొరలు యుగాల తరబడి అరిగిపోయాక బయటపడింది. ఆ చోటుకు నిజమైన విలువ ఏదైనా ఉంటే అది పిండి అవుతున్న గుట్టలో ఉంది. ధర మాత్రం దాని పక్క రోడ్డుకు కట్టారు. ఆ రోజు నాకు ఫ్లాటు నచ్చలేదు గానీ భూమి కథను మనం ఎలా చెప్పుకుంటున్నామో బాగా అర్థమైంది.

పైగా భూమి మీది ఏ చోటూ పుట్టినచోటే ఉండిపోలేదు. సింగరేణి బొగ్గును చూడండి. 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ దాని జాడ పట్టాడు. ఆ బొగ్గు ఏ అడవుల నుంచి ఏర్పడిందో ఆ అడవుల్లో గ్లాసాప్టెరిస్ అనే చెట్టు ఆకులు విస్తారంగా రాలేవి. దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ 1912లో మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం, ఆఖరిదాకా వదలకుండా లాగిన రాళ్ల మూటలో ఇదే ఆకు ముద్రలున్నాయి. గోదావరి లోయకూ అంటార్కిటికాకూ ఒకే ఆకు. మన దగ్గరి గోండుల నేల పేరుతోనే ఆ పాత మహాఖండాన్ని గోండ్వానా అంటున్నారు. విశాఖపట్నం కొండల్లోని ఖొండలైటు రాళ్లకు జతరాళ్లు అంటార్కిటికా తీరంలో ఉన్నాయి. రెండు నేలలూ విడిపోయి దాదాపు 13 కోట్ల ఏళ్లయింది. ఆ తర్వాత 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి దక్కనులో పొంగిన లావా రాజమహేంద్రవరం దాకా పారిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఈ రోజుకీ మనం కూర్చున్న భూఫలకం ఏడాదికి దాదాపు అయిదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతూ హిమాలయాలను నెడుతోంది. కైలాసగిరి మీది రాయిని అడ్రసు అడిగితే ఏ కాలంలోది చెప్పమంటారని మనల్నే ఎదురు అడుగుతుంది.

ఈ కదలికలన్నిటికీ ఇంధనం లోపలి వేడి. అందులో దాదాపు సగం యురేనియం, థోరియం, పొటాషియంల విఘటన నుంచి వస్తోంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో మనం తవ్వుతున్న యురేనియమే, భూమి లోపలంతా అతి పలచగా పరుచుకుని ఈ పొయ్యిని నడుపుతోంది. మిగతాది చాలావరకు భూమి పుట్టినప్పటి వేడి, ఇంకా చల్లారనిది. ఆ వేడికి బయటి గర్భంలో కరిగిన ఇనుము సుడులు తిరుగుతుంది. ఆ సుళ్లు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాల గాలిని అది పక్కకు మళ్లిస్తుంది. పైన ఫలకాలు దిగుతూ, అగ్నిపర్వతాలు ఎగజిమ్ముతూ, వానలు రాళ్లను కొరుకుతూ, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కోట్ల ఏళ్లుగా ఒక హద్దులో ఉంచుతున్నాయి. మనం చల్లని గాలి పీలుస్తున్నామంటే కింద నిప్పు ఆరకపోవడం వల్లే.

ఈ మాటకు సాక్ష్యం కోసం దూరం వెళ్లక్కర్లేదు. చంద్రుడిదీ మన అడ్రసే. సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడు. సూర్యుడి వైపు నుంచి చూస్తే ఇద్దరిదీ ఒకే ఇంటి నంబరు. అదే ఎండ, అదే దారి, అదే పొరుగు. అయినా అక్కడ గాలి లేదు, పారే నీరు లేదు, చిగురు లేదు. శరీరం చిన్నది కాబట్టి గాలిని పట్టి ఉంచలేకపోయాడు, లోపలి వేడిని త్వరగా పోగొట్టుకున్నాడు. 2023 జులైలో మన శ్రీహరికోట నుంచి బయల్దేరి ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3లో ప్రకంపనలు వినే ఇల్సా అనే పరికరం ఉంది. ఓల్డ్‌హామ్, లేమాన్ మొదలుపెట్టిన పనే అది, నేల మాత్రం వేరు. అంగారకుడికి కూడా ఒకప్పుడు అయస్కాంత కవచం ఉండేది. లోపలి యంత్రం ఆగాక గాలిలో చాలా భాగాన్ని సూర్యపవనం ఊడ్చుకుపోయింది. శుక్రుడు మన భూమంత సైజే, మన పక్క ఇల్లే, కానీ అక్కడ నేల మీద 465 డిగ్రీలు. అడ్రసు అక్కరకు రాదని నేననను, సూర్యుడికి మరీ దగ్గరైతే నీరు నిలవదు. కానీ అడ్రసు ఒక్కటే చాలదు. భూమిని భూమిగా చేసింది దాని లోపలున్నది.

1990 ఫిబ్రవరి 14న వోయేజర్ 1 దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వెనక్కి తిరిగి తీసిన ఫోటోలో భూమి లేతనీలి చుక్కగా కనిపిస్తుంది. ఏడాదికి ఒకసారైనా ఎవరో ఒకరు నా ఫోనుకు దాన్ని పంపి, కింద చేతులు జోడించిన బొమ్మ పెడతారు. "చూశారా, మన గొడవలన్నీ ఈ చుక్కమీదే" అంటారు. ఫోటో గొప్పది, అందులో అబద్ధం లేదు. దాని కింద రాసే నీతితోనే నాకు పేచీ. అంత దూరం నుంచి చూస్తే లేమాన్ విన్న గర్భం కనిపించదు, అయస్కాంత క్షేత్రం కనిపించదు, కదిలే ఖండాలు కనిపించవు. చిన్నగా కనిపిస్తోంది కాబట్టి చిన్నదని తీర్మానించడం, పేట పేరు విని మనిషిని అంచనా వేసినట్టే. వినయం నేర్పడానికి దూరం అక్కర్లేదు. కాళ్ల కింద 6,371 కిలోమీటర్ల లోతున ఏం జరుగుతోందో ఆలోచించినా చాలు. దాని తయారీలో మన చెయ్యి లేదు, దాన్ని ఆపడం మన వల్ల కాదు, అయినా మన ప్రతి శ్వాసా దాని ఖాతాలోదే.

ఇప్పుడు మరో భూమి కోసం వెతుకులాట సాగుతోంది. 1995లో సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తొలి గ్రహం దొరికింది. ఆ తర్వాత అయిదు వేలకు పైగా గ్రహాలు లెక్కకెక్కాయి. పత్రికల్లో వాటి గురించి రాసేటప్పుడు ముందు అడిగేది ఒకటే, అది తన నక్షత్రానికి నీరు నిలిచేంత దూరంలో ఉందా అని. ఉంటే "మరో భూమి" అని శీర్షిక పడుతుంది. ఆ కొలత మీదే శీర్షిక పెడితే మన చంద్రుడికీ ఆ పేరు దక్కాలి. దూరం కొలవడం పనిలో తేలికైన సగం. ఆ గ్రహం లోపల వేడి మిగిలి ఉందా, ఇనుము ఇంకా సుడి తిరుగుతోందా, దాని నేల తనను తాను తిరగరాసుకుంటోందా అన్నవి కష్టమైన సగం. వాటికి జవాబు చెప్పే పరికరాలు మన దగ్గర ఇంకా లేవు. అవి వచ్చేదాకా ఎంత మంచి చోట ఉన్న గ్రహాన్నయినా సరే, దాన్ని మరో భూమి అనడానికి నేను ఒప్పుకోను.